కరిగిందంటే సరిపోదు

1989 నుంచి 1991 దాకా అల్జైమర్ జబ్బు మీద పనిచేసేవాళ్ళని ఒక చిక్కు వేధించింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళ మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను ముక్కని తీసుకుని, పళ్ళెంలో పెంచిన నాడీకణాల మీద వేసి ఏమవుతుందో చూస్తున్నారు. ఒక ప్రయోగశాలలో కణాలు మామూలు కన్నా ఎక్కువ కాలం బతికాయి. మరో ప్రయోగశాలలో చచ్చిపోయాయి. ఇంకోచోట ఏ మార్పూ కనిపించలేదు. పదార్థం పేరు ఒకటే. అందులో అమైనో ఆమ్లాల వరస ఒకటే. ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగడం లేదు.

1990లో బ్రూస్ యాంక్నర్ బృందం బోస్టన్ నుంచి ప్రకటించిన ఫలితాల్లో రెండూ ఉన్నాయి. తక్కువ మోతాదులో లేత కణాలకి మేలు జరిగింది, ఎక్కువ మోతాదులో ముదిరిన కణాలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో కార్ల్ కాట్‌మన్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఈ ముక్కని, అంటే పెప్టైడును, నీళ్ళలో కలిపిన వెంటనే కణాల మీద వేస్తే పెద్దగా హాని లేదు. అదే ద్రావణాన్ని కొన్ని రోజులు నిలవ ఉంచి వేస్తే కణాలు చస్తున్నాయి. ఆ కొన్ని రోజుల్లో పెప్టైడు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కట్టాయి. విషమంతా ఆ గుంపు కట్టడంలో ఉంది.

అప్పటిదాకా పరిశోధకులు తాము వేస్తున్నది ఒక పదార్థం అనుకున్నారు. నిజానికి వాళ్ళు వేస్తున్నది ఒక పదార్థం తాలూకు ఏదో ఒక దశ. ఏ దశలో ఉందో చూడకుండా వేశారు కాబట్టి ఎవరి ఫలితం వాళ్ళకి వచ్చింది. ఈ రంగంలో నమూనాను సిద్ధం చేయడం ప్రయోగానికి ముందు జరిగే పని కాదు, అదే ప్రయోగం అని నేను గట్టిగా నమ్ముతాను. ఔషధం పనిచేసిందా లేదా, కణం చచ్చిందా బతికిందా అన్నవన్నీ ఆ తర్వాతి మాటలు.

నీళ్ళంటే గిట్టని తోక

1906లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో అలోయిస్ అల్జైమర్ తన రోగి మెదడులో చూసిన మచ్చల గురించి చెప్పాడు. ఆ మచ్చలు దేనితో తయారయ్యాయో తేలడానికి దాదాపు 80 ఏళ్ళు పట్టింది. 1984లో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్ మెదడు పొరల్లోని రక్తనాళాల నుంచి ఈ పెప్టైడును వేరుచేశారు. మరుసటి ఏడాది కాలిన్ మాస్టర్స్, కొన్రాడ్ బైరాయితర్ బృందం మచ్చల్లో ఉన్నదీ అదేనని చూపించింది. 1987లో దాని మూలం దొరికింది. నాడీకణం పైపొరలో గుచ్చుకుని ఉండే ఒక పెద్ద ప్రోటీనును రెండు ఎంజైములు రెండుచోట్ల కోస్తే మధ్యలో రాలే ముక్క ఇది. ఆ పెద్ద ప్రోటీను జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది.

రెండో కోత ఎక్కడ పడుతుందన్నది స్థిరంగా ఉండదు. ఎక్కువసార్లు 40 అమైనో ఆమ్లాల ముక్క వస్తుంది, కొన్నిసార్లు 42 ఉన్నది వస్తుంది. చివర చేరే ఆ రెండూ ఐసోల్యూసిన్, అలనిన్. రెండే కదా అనుకోవడానికి లేదు. 42 ఉన్న ముక్క 40 ఉన్నదానికన్నా ఎంతో తొందరగా గుంపులు కడుతుందని 1993లో జారెట్, లాన్స్‌బరీ చూపించారు. మచ్చల్లో మొదట చేరేదీ అదే.

ఈ అణువు స్వభావం దాని పుట్టుకలోనే ఉంది. మొదటి 28 అమైనో ఆమ్లాలు మూల ప్రోటీనులో కణం బయట, నీళ్ళలో ఉండే భాగం. వాటిలో విద్యుదావేశం ఉన్నవి చాలా ఉన్నాయి, నీళ్ళతో వాటికి పేచీ లేదు. 29 నుంచి చివరిదాకా ఉన్న తోక మాత్రం కణపు పొరలో, కొవ్వు మధ్య ఉండే భాగం. ఎంజైము కోసి బయటికి వదిలేశాక ఆ తోకకి చుట్టూ కొవ్వు లేదు, నీళ్ళే ఉన్నాయి. నీటిని తప్పించుకోవడానికి దానికి ఒకటే దారి, తనలాంటి ఇంకో తోకని పట్టుకోవడం. రెండు కలుస్తాయి, నాలుగవుతాయి, పన్నెండవుతాయి. ఈ చిన్న గుంపుల్ని ఆలిగోమర్లంటారు. ఒక దశ దాటాక అణువులు పక్కపక్కన పేర్చుకుని పొడవాటి పీచులుగా ఎదుగుతాయి. మెదడు మచ్చల్లో కనిపించేవి ఆ పీచులే.

విడి అణువు, చిన్న గుంపు, పీచు. ఈ మూడూ ఒకే గొట్టంలో, ఒకే సమయంలో ఉండొచ్చు. కంటికి మూడూ కనపడవు. గొట్టంలోని ద్రావణం తేటగా, నీళ్ళలాగే ఉంటుంది.

పొడి ఎక్కడినుంచి వస్తుంది

ప్రయోగశాలలు వాడే అమిలాయిడ్ బీటాలో ఎక్కువ భాగం రసాయనికంగా తయారైందే. దీనికి పునాది 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ వేసిన పద్ధతి. ఆ పనికి ఆయనకి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. సన్నటి రెసిన్ పూసలకి గొలుసులోని చివరి అమైనో ఆమ్లాన్ని తగిలిస్తారు. దానికి ముందుది, ఆ ముందుది, అలా తోక నుంచి తలవైపు ఒక్కొక్కటే కలుపుకుంటూ వస్తారు. ప్రతి మెట్టు తర్వాత కడగడం, మళ్ళీ కలపడం. చివరికి గాఢమైన ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లంతో గొలుసుని పూస నుంచి విడదీస్తారు.

42 ముక్కల గొలుసంటే 41 అతుకులు. ఒక్కో అతుకు నూటికి 99 పాళ్ళు కుదిరిందనుకుందాం, ఎవరైనా మెచ్చుకునే పనితనమే. 0.99ని 41సార్లు గుణిస్తే దాదాపు 0.66 వస్తుంది. అంటే మూడోవంతు గొలుసుల్లో ఎక్కడో ఒకచోట తప్పు ఉంది. 98 పాళ్ళే కుదిరితే సగానికి పైగా గొలుసులు తప్పువే. పైగా ఈ గొలుసు తయారవుతుండగానే పూస మీదే పక్క గొలుసుల్ని పట్టుకుని ముడుచుకుంటుంది, తర్వాతి అమైనో ఆమ్లానికి చోటు ఇవ్వదు. పెప్టైడు తయారీదారులు దీన్ని కష్టమైన వరసల్లో ఒకటిగా లెక్కేస్తారు. తప్పు గొలుసుల్ని క్రోమటోగ్రఫీతో వేరుచేస్తారు గానీ, ఒక్క అమైనో ఆమ్లం తిరగబడి ఎడమచేతి రూపం బదులు కుడిచేతి రూపంలో అతుక్కుంటే బరువు మారదు. అలాంటివి వడపోతలో దొరక్కుండా మిగిలిపోగలవు.

శుద్ధి చేశాక గడ్డకట్టించి, నీరు తీసేసి ఆరబెడతారు. దూదిలా తేలికైన తెల్లటి పొడి వస్తుంది. సీసా మీద 1 మిల్లీగ్రామ్ అని ఉంటుంది. ఆ బరువంతా పెప్టైడు కాదు. విడదీసినప్పుడు వాడిన ఆమ్లం లవణంగా అంటుకుని ఉంటుంది, కాస్త తేమ కూడా ఉంటుంది. బరువుని నమ్మి గాఢత లెక్కగట్టినవాళ్ళ ద్రావణంలో వాళ్ళు అనుకున్నదానికన్నా తక్కువ పెప్టైడు ఉంటుంది. గుంపు కట్టే వేగం గాఢత మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ తేడా అక్కడితో ఆగదు, ప్రయోగం చివరిదాకా పాకుతుంది. అందుకే జాగ్రత్తపరులు కరిగించిన తర్వాత మళ్ళీ కొలుస్తారు. ఈ గొలుసులో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ ఒక్కటే ఉంది, పదో స్థానంలో. ఆ ఒక్కటి అతినీలలోహిత కాంతిని ఎంత మింగుతుందో చూసి గాఢత పట్టుకోవాలి. సంకేతం చాలా బలహీనం. వీలున్నవాళ్ళు అమైనో ఆమ్లాల విశ్లేషణకి పంపి సరిచూసుకుంటారు.

తోడు

అసలు చిక్కు పొడిలో ఉన్న పాత గుంపులతో వస్తుంది. శుద్ధి చేసేటప్పుడు, గడ్డకట్టించేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు అణువులు అక్కడక్కడా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ఏ సీసాలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఒకే కంపెనీ నుంచి వచ్చిన రెండు విడతల పొడి రెండు రకాలుగా ప్రవర్తించడానికి ఇది ఒక పెద్ద కారణం.

పాలు వాటంతట అవి పెరుగు కావడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం. గిన్నెకి నిన్నటి పెరుగు కాస్త అంటుకుని ఉంటే మాత్రం తెల్లారేసరికి తోడుకుంటుంది. అమిలాయిడ్ కూడా అంతే. విడి అణువులు కొత్తగా ఒక గుంపు మొదలుపెట్టడం కష్టం, దానికి చాలాసేపు పడుతుంది. ముందే తయారైన పీచు ముక్క ఒకటుంటే విడి అణువులు వచ్చి దాని కొసకి అతుక్కుంటాయి, ఆలస్యం ఉండదు. లాన్స్‌బరీ బృందం ఈ విషయాన్ని స్ఫటికాలు పెరిగే తీరుతో పోల్చి వివరించింది. పొడిలో కనపడకుండా కలిసొచ్చిన తోడు ఎంతుందో తెలియనప్పుడు, గుంపు కట్టడానికి ఎంతసేపు పట్టిందన్న లెక్కకి విలువ లేదు.

కాబట్టి మొదటి పని పాత గుంపుల్ని పూర్తిగా విప్పి, ప్రతి అణువునీ విడిచేయడం. పొడి గతాన్ని తుడిచేయాలి. దీనికి ఎక్కువమంది వాడేది హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్ అనే ద్రావణి. ప్రయోగశాలల్లో దీన్ని హెచ్ఎఫ్ఐపీ అనే పిలుస్తారు. తోకలు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టుని ఇది విడగొడుతుంది, అణువుని మెలికలు తిరిగిన ఆకారంలోకి నెడుతుంది. ఆ ఆకారంలో ఉన్నంతసేపూ పక్కవాటితో పేర్చుకోవడం కుదరదు.

2003లో షికాగో ప్రాంతంలో మేరీ జో లాడూ బృందం రాసి పెట్టిన పద్ధతిని ప్రపంచమంతా అనుసరిస్తున్నారు. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాని వెంటనే తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా అరగంట అలాగే ఉంచాలి. తొందరపడితే గాలిలోని తేమ చల్లటి పొడి మీద చెమ్మగా దిగుతుంది, ఆ చెమ్మలోనే గుంపులు మొదలవుతాయి. హెచ్ఎఫ్ఐపీ కళ్ళనీ చర్మాన్నీ కాలుస్తుంది, కొన్ని ప్లాస్టిక్కుల్ని తినేస్తుంది. అందుకని పనంతా ఫ్యూమ్ హుడ్ లోపలే, గాజు సిరంజితోనే. పెప్టైడు అణుభారం సుమారు 4,514 కాబట్టి 1 మిల్లీగ్రాముకి దాదాపు 221 మైక్రోలీటర్లు పోస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం అవుతుంది. నాలుగైదు చుక్కల ద్రవం అంతే. దాన్ని చిన్న గొట్టాల్లోకి పంచి, మూతలు తీసి రాత్రంతా హుడ్‌లో వదిలేస్తారు. ఈ ద్రావణి 60 డిగ్రీలకి లోపే మరుగుతుంది కాబట్టి తనంతట తాను ఆవిరైపోతుంది. మిగిలిన కాస్తా పోవడానికి శూన్యంలో తిప్పే యంత్రంలో ఇంకో గంట.

పొద్దున గొట్టం అడుగున చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కాంతికి అడ్డంగా పెట్టి వంచితే అడుగుకి అంటుకున్న పలుచటి, తేటైన పొర కనిపిస్తుంది. ఉండాల్సింది అలాగే. తెల్లగా, ముద్దగా కనిపిస్తే పని సరిగా జరగలేదని అర్థం, ఆ గొట్టాన్ని వాడకూడదు. సరిగా వచ్చిన పొరల్ని తేమ తగలకుండా ఫ్రీజర్లో దాచుకుంటే నెలల తరబడి నిలవ ఉంటాయి. ఒక రోజు ప్రయోగానికి ఒక గొట్టం. తీసి మళ్ళీ గడ్డకట్టించడం లేదు.

ఆ తర్వాతి గంటే అన్నిటికన్నా ముఖ్యం. పొరని మొదట నీళ్ళు ఏమాత్రం లేని డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తారు. ఇది గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం, పాత సీసాలోది వాడితే ఇంత శ్రమా వృథా. పిపెట్ కొనతో గొట్టం గోడల్ని కడుగుతూ కరిగించి, పది నిమిషాలు శబ్దతరంగాల తొట్టిలో ఉంచుతారు. అక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది. చల్లటి కణపోషక ద్రవంలో కలిపి 4 డిగ్రీల దగ్గర 24 గంటలుంచితే చిన్న గుంపులు వస్తాయి. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి 37 డిగ్రీల దగ్గర అంతే సేపుంచితే పీచులు వస్తాయి. అదే పొడి, అదే పొర, అదే 24 గంటలు. మైకా పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకదానిలో గుండ్రటి చుక్కలు, రెండోదానిలో మైక్రాన్ దాటిన పొడవాటి పోగులు. 1990ల తొలినాళ్ళ గందరగోళం ఎక్కడినుంచి వచ్చిందో ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. హెచ్ఎఫ్ఐపీ చుక్క మిగిలిపోతే అదే గుంపు కట్టే తీరుని మార్చేస్తుంది. డీఎంఎస్ఓ కణాలకి మంచిది కాదు, అందుకే పెప్టైడు లేకుండా అన్నీ కలిపిన ద్రవాన్ని కూడా కణాల మీద వేసి పోల్చుకోవాలి. ఈ పోలిక చూపించని వ్యాసాన్ని నేను నమ్మను.

డేవిడ్ టెప్లో బృందం 2000లో వేరే దారి చూపించింది. ప్రోటీనుకి ఏ ఆమ్లతలో నికర ఆవేశం సున్నా అవుతుందో, అక్కడ అణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవు, ఇట్టే ముద్దకడతాయి. అమిలాయిడ్ బీటాకి ఆ స్థానం పీహెచ్ 5.3, 5.5 మధ్య ఉంది. తయారీలో అంటుకున్న ఆమ్లం వల్ల పొడికి ఆమ్లగుణం ఉంటుంది. దాన్ని నేరుగా 7.4 బఫర్‌లో వేస్తే, ప్రతి రేణువు చుట్టూ ద్రావణం ఆమ్లం నుంచి తటస్థానికి పోతూ సరిగ్గా ఆ ప్రమాదకరమైన చోటుని దాటాలి. నెమ్మదిగా దాటితే అక్కడే గుంపులు పుడతాయి. అలా కాకుండా పొడిని ముందు పలుచటి సోడియం హైడ్రాక్సైడులో కరిగిస్తే ఒక్క ఊపులో పై గట్టుకి చేరుతుంది. అక్కడ ప్రతి అణువుకీ రుణావేశం ఎక్కువ, ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పైనుంచి 7.4కి దిగి రావడంలో 5.5 అడ్డు రాదు. రసాయనశాస్త్రంలో ఇంత చిన్న ఉపాయం ఇంత పెద్ద చిక్కుని తప్పించడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

బాక్టీరియా చేత చేయించడం

ఇవన్నీ చేసినా కొంత తేడా మిగిలే ఉంటుంది. ఒకే పళ్ళెంలో పక్కపక్కన ఉన్న నాలుగు గుంటల్లో ఒకే ద్రావణం పోసినా నాలుగు రకాలుగా ప్రవర్తించిన రోజులు ఈ రంగంలో చాలా ఏళ్ళు నడిచాయి. అమిలాయిడ్ గుంపు కట్టడం స్వభావంలోనే యాదృచ్ఛికమని, లెక్కకి లొంగదని నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో సారా లిన్సే, డబ్లిన్‌లో డొమినిక్ వాల్ష్ కలిసి 2009లో ప్రకటించిన పద్ధతి ఈ నమ్మకాన్ని కదిలించింది. రసాయనికంగా గొలుసు అల్లడం మానేసి, జన్యువుని ఇ. కోలై బాక్టీరియాలో పెట్టి పెప్టైడును దానిచేతే తయారు చేయించారు. జీవకణం దాదాపుగా తప్పు అతుకులు వేయదు, ఎడమ కుడి తారుమారు చేయదు. బాక్టీరియాలో ప్రోటీను మెథియోనిన్‌తోనే మొదలవ్వాలి కాబట్టి తలదగ్గర ఒక్క అమైనో ఆమ్లం ఎక్కువ ఉంటుంది, అంతే. తయారైన పెప్టైడు బాక్టీరియా లోపల ముద్దలుగా పేరుకుంటుంది. దాన్ని 8 మోలార్ యూరియాలో కరిగించి శుద్ధి చేస్తారు.

ఆ పైన అసలైన జాగ్రత్త మొదలవుతుంది. ప్రయోగం చేసేరోజు ఉదయం పొడిని 6 మోలార్ గ్వానిడిన్‌లో కరిగిస్తారు. ఇది ఏ ప్రోటీను ముడినైనా విప్పేస్తుంది. తర్వాత పరిమాణాన్ని బట్టి అణువుల్ని వేరుచేసే స్తంభం గుండా పంపుతారు. పెద్ద గుంపులు ముందు, విడి అణువులు వెనక వస్తాయి. విడి అణువులు వచ్చే భాగంలో, అంటే వాటి శిఖరంలో, కూడా మొదలూ చివరా వదిలేసి నడిమి భాగాన్నే పట్టుకుంటారు. పట్టిన గొట్టాన్ని ఆ క్షణం నుంచీ మంచులోనే ఉంచుతారు, ఎందుకంటే గుంపు కట్టే గడియారం అక్కడే మొదలవుతుంది. గొట్టాలు, పళ్ళేలు కూడా పెప్టైడు అంటుకోని రకానివి వాడతారు. గాలికీ నీటికీ మధ్య ఉండే పైతలం కూడా ఈ అణువులకి ఆసరా ఇస్తుంది కాబట్టి బుడగలు రానివ్వరు, గొట్టాన్ని ఊపరు. పిపెట్‌తో గబగబా పీల్చి వదిలే అలవాటున్న చేయి ఇక్కడ పనికిరాదు.

పళ్ళేన్ని 37 డిగ్రీల యంత్రంలో పెట్టి థయోఫ్లావిన్ టీ అనే రంగుతో గమనిస్తారు. విడి అణువుల మధ్య ఈ రంగు వెలగదు, పీచులకి అంటుకుంటే వెలుగుతుంది. తెర మీద గీత చాలాసేపు అడుగున సాగి, ఒక్కసారి లేచి, పైన నిలిచిపోతుంది. 2010లో హెల్‌స్ట్రాండ్, లిన్సే బృందం చూపించిన గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వేర్వేరు గుంటలు, ఒకే గీత. యాదృచ్ఛికమని అనుకున్నదాంట్లో చాలాభాగం నమూనాలోని మలినాల వల్లా, మిగిలిపోయిన తోడు వల్లా వచ్చింది.

గీతలు నమ్మదగినవయ్యాక వాటిని గణితంతో విప్పడానికి వీలైంది. 2013లో కేంబ్రిడ్జ్, లుండ్ పరిశోధకులు వేర్వేరు గాఢతల్లో గీత ఎంతసేపటికి సగం ఎత్తుకి చేరుతుందో లెక్కగట్టి, పీచులు ఎలా పెరుగుతాయో వెనక్కి పసిగట్టారు. కొత్త గుంపులు ఎక్కువగా పుట్టేది ఖాళీ ద్రావణంలో కాదు, అప్పటికే ఉన్న పీచుల ఒంటి మీద. పీచు తన కొసల దగ్గర పెరగడమే కాక పక్కతలం మీద విడి అణువుల్ని చేర్చి కొత్త గుంపుల్ని పుట్టిస్తుంది. ఆ చిన్న గుంపులు విడిపోయి తిరగగలవు, కణాలకి హాని చేయగలవు. అంటే మచ్చలు నిరపాయమైన చెత్తకుప్పలు, విషం వేరేచోట పుడుతుంది అని విడదీసి చెప్పడం కష్టం. కుప్పే విషానికి పురిటిగది. జబ్బు గురించిన ఇంత ముఖ్యమైన మాట బయటికి రావడానికి స్తంభం నుంచి శిఖరం నడిమి భాగం మాత్రమే పట్టుకోవడం అవసరమైంది.

జూరిక్‌లో గ్లాక్‌షూబర్ బృందం 2010లో రసాయనిక పెప్టైడునీ బాక్టీరియా పెప్టైడునీ పక్కపక్కన పెట్టి చూసింది. బాక్టీరియా తయారుచేసింది ఇంకా వేగంగా గుంపు కట్టింది, నాడీకణాలకి ఎక్కువ హాని చేసింది. రసాయనిక పెప్టైడులోని కొద్దిపాటి తప్పు గొలుసులు పీచు పేర్పుకి అడ్డుపడుతున్నాయని వాళ్ళ అంచనా. అప్పటిదాకా మలినం ఉంటే విషం ఎక్కువవుతుందేమో అని భయపడేవాళ్ళు, ఇక్కడ అది తిరగబడింది.

ఏముందో చూసేవేళ

తయారుచేశాక ఏం వచ్చిందో చూడాలి. ఇక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. ప్రోటీనుల పరిమాణం తెలుసుకోవడానికి ప్రతి ప్రయోగశాలలోనూ చేసేది ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థంతో కలిపి జెల్ మీద పరిగెత్తించడం. అమిలాయిడ్ బీటా 42 అలా పరిగెత్తిస్తే మూడు, నాలుగు అణువుల గుంపుల పట్టీలు కనిపిస్తాయి. చాలామంది వాటిని ద్రావణంలో ఉన్న ఆలిగోమర్లే అనుకున్నారు. విడి అణువుల్ని మాత్రమే తీసుకుని పరిగెత్తించినా ఆ పట్టీలు వస్తాయి, వాటిని ఎస్‌డీఎస్ స్వయంగా పుట్టిస్తుంది. మరోవైపు ద్రావణంలో నిజంగా ఉన్న కొన్ని గుంపుల్ని అదే విడగొట్టేస్తుంది. గాల్ బిటాన్, టెప్లో ఈ ఉచ్చు గురించి గట్టిగా హెచ్చరించారు. కాంతితో అణువుల మధ్య బంధాలు వేసి, గుంపులు ఎలా ఉన్నాయో అలాగే పట్టేసి, తర్వాత జెల్ మీద నడిపించే పద్ధతిని వాళ్ళు వాడారు.

ఆలిగోమర్ అన్న మాట ఒక ప్రయోగశాలలో ఒకటి, ఇంకో ప్రయోగశాలలో మరొకటి అవుతోందంటే కారణం ఇదే. 4 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచింది ఒకరికి ఆలిగోమర్, స్తంభంలో ముందు వచ్చింది ఇంకొకరికి ఆలిగోమర్. ఇవి రెండూ ఒకటి కాకపోవచ్చు. ఈ తేడా ఆసుపత్రి దాకా వస్తుంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్ మందు పీచు కాకముందు దశలో కరిగి ఉండే గుంపులకి బలంగా అంటుకునే యాంటీబాడీ. ఏ గుంపుని తయారుచేసి, దేనికి అంటుకుంటుందో పరీక్షించారన్నది ఇలాంటి మందు కథలో మొదటి వాక్యం.

పీచుల్లోనూ ఒకే రకం ఉండదు. 2005లో అమెరికాలో రాబర్ట్ టిక్కో బృందం ఒకే పెప్టైడుని, అమిలాయిడ్ బీటా 40ని, ఒక గొట్టంలో కదలకుండా ఉంచింది, ఇంకో గొట్టాన్ని మెల్లగా ఊపుతూ ఉంచింది. కదలని గొట్టంలో మెలితిరిగిన పీచులు వచ్చాయి, ఊపినదానిలో పక్కపక్కన అతుక్కున్న పట్టీల్లాంటివి వచ్చాయి. లోపల అణువుల అమరిక వేరు, నాడీకణాలకి చేసే హాని వేరు. తర్వాత ఊపడం ఆపేసి, ఒక్కో రకం ముక్కల్ని కొత్త పెప్టైడులో వేస్తే ఏ రకం ఆ రకాన్నే పుట్టించింది. గొట్టాన్ని ఊపారా లేదా అన్న చిన్న విషయం తరతరాలుగా పీచు ఆకారంలో నిలిచిపోయింది.

గాఢత మాట కూడా చెప్పాలి. వెన్నెముక ద్రవంలో అమిలాయిడ్ బీటా 42 ఒక నానోమోలార్ కన్నా తక్కువే ఉంటుంది. ప్రయోగశాల గొట్టంలో మైక్రోమోలార్లలో, అంటే వేల రెట్లు ఎక్కువ పోస్తాం. లేకపోతే కొన్ని గంటల్లో ఏమీ చూడలేం. మెదడులో దశాబ్దాలు పట్టేదాన్ని మధ్యాహ్నానికి తెచ్చుకోవడానికి ఇచ్చే మూల్యం అది.

మరి గొట్టంలో పెంచిన పీచు మెదడులో ఉన్నదేనా? అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక ఇది నేరుగా అడగగల ప్రశ్న అయింది. 2019లో జర్మనీలో మార్కుస్ ఫాండ్రిష్ బృందం రోగుల మెదడు పొరల్లోంచి తీసిన పీచులు కుడివైపు మెలితిరిగి ఉన్నాయని, గొట్టంలో తయారైన వాటితో పోలలేదని చూపించింది. 2022లో కేంబ్రిడ్జ్‌లో షేరెస్, గోడర్ట్ బృందం మెదడు కణజాలంలోని అమిలాయిడ్ బీటా 42 పీచుల నిర్మాణాన్ని అణుస్థాయిలో ప్రకటించింది. వంశపారంపర్యం కాని అల్జైమర్ రోగుల్లో ఎక్కువగా ఒక మడత ఉంది, వంశపారంపర్య రోగుల్లోనూ మరికొన్ని జబ్బుల్లోనూ ఇంకో మడత ఉంది. అంతవరకు గొట్టాల్లో పెంచి ప్రకటించిన నిర్మాణాలు ఈ రెంటికీ సరిపోలేదు.

అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లోనే అల్జైమర్ జబ్బుకి సంబంధించిన రెండో ప్రోటీను, టావు, మీద సోఫియా లోవెస్టాం, షేరెస్ బృందం డజన్ల కొద్దీ ద్రావణాలు మార్చి మార్చి చూసింది. టావు ముక్కని ఒకచోట మెగ్నీషియం క్లోరైడుతో ఊపారు, ఇంకోచోట దాని బదులు మామూలు ఉప్పుతో ఊపారు. మెగ్నీషియం ఉన్న గొట్టంలో అల్జైమర్ రోగి మెదడులోని పీచులే, అణువు అణువునా అవే, తయారయ్యాయి. ఉప్పు వేసిన గొట్టంలో వచ్చినవి మాత్రం తలకి పదేపదే దెబ్బలు తగిలిన బాక్సర్ల, ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మెదడుల్లో కనిపించే వేరే జబ్బు పీచులు.